చూపు ముందు ఎవరి మీద పడుతుంది?

బల్ల చుట్టూ నలుగురు పిల్లలు ఆడుకుంటున్నారు. ఒక నల్లజాతి అబ్బాయి, ఒక నల్లజాతి అమ్మాయి, ఒక తెల్ల అబ్బాయి, ఒక తెల్ల అమ్మాయి. వీడియో చూస్తున్న ప్రీస్కూల్ టీచర్లకు ముందే చెప్పారు, అల్లరి మొదలయ్యేలా ఉంటే కనిపెట్టమని. నిజానికి ఆ వీడియోల్లో అల్లరే లేదు. టీచర్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో కంప్యూటర్ లెక్క కడుతోంది.

2016లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ గిలియమ్ బృందం చేసిన ప్రయోగమిది. టీచర్ల చూపు నల్లజాతి అబ్బాయి దగ్గరే ఎక్కువసేపు ఆగింది. ఎవరిని ఎక్కువగా గమనించాల్సి వచ్చిందని అడిగితే 42 శాతం మంది అతన్నే చూపించారు. ఈ టీచర్లలో నల్లజాతివాళ్లూ ఉన్నారు, వాళ్ల చూపూ అటే పోయింది.

మన బడుల్లో వెనక బెంచీవాళ్లకు ఈ బాధ కొంత తెలుసు. టీచర్ బోర్డు మీద రాస్తుంటే ఎక్కడ నవ్వు వినబడ్డా ముందు లేచి నిలబడాల్సింది వాళ్లే.

నాలుగేళ్ల పిల్లలు తోసుకోవడం, బొమ్మలు లాక్కోవడం ఎక్కడైనా ఉండేదే. రికార్డులోకి ఎక్కేది మాత్రం కంటబడినవాడి తప్పే. 2013–14లో అమెరికా ప్రభుత్వ ప్రీస్కూళ్లలో నల్లజాతి పిల్లలు 19 శాతం, సస్పెండ్ అయినవాళ్లలో 47 శాతం. అంత చిన్న పిల్లాడికి ‘బడి నన్ను వద్దంటోంది’ అన్నది తప్ప ఇంకేం అర్థమవుతుంది?

డబ్బుంటే ఇది తప్పుతుందా? అమెరికా ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2018లో ఇచ్చిన లెక్కలు చూస్తే అలా అనిపించదు. ధనిక కుటుంబాల్లో పెరిగిన నల్లజాతి అబ్బాయిలు కూడా, అంతే ఆదాయమున్న ఇళ్ల తెల్ల అబ్బాయిలకంటే పెద్దయ్యాక తక్కువ సంపాదిస్తున్నారు. అమ్మాయిల్లో ఆ తేడా దాదాపు లేదు. దీనికి బడి ఒక్కటే కారణమని అనలేం. అయితే పేదరికం తోడైతే బడి ఇంకా కఠినమవుతుంది. న్యూయార్క్‌లో 1998 నుంచి బడుల భద్రత పోలీసు శాఖ చేతిలో ఉంది. పేద పిల్లలు ఎక్కువగా ఉండే కొన్ని హైస్కూళ్లలో పొద్దున్నే బ్యాగు స్కానర్ మీద పెట్టి, మెటల్ డిటెక్టర్ దాటాకే క్లాసు.

చూపు మారదని అనుకోనక్కర్లేదు. 2016లో మనస్తత్వ పరిశోధకుడు జేసన్ ఒకోనోఫువా బృందం కాలిఫోర్నియాలో ఐదు మిడిల్ స్కూళ్ల లెక్కల టీచర్లతో పనిచేసి, కొందరికి ఒక పాఠం ఇచ్చింది. పిల్లాడు ఎందుకలా చేశాడో ముందు అడగండి, వాడితో సంబంధం తెంచుకోకండి అని చెప్పే ఆన్‌లైన్ పాఠం అది. మొత్తం కలిపి గంటన్నర కూడా లేదు. ఆ పాఠం చదివిన టీచర్ల పిల్లల్లో ఆ ఏడాది సస్పెండ్ అయినవాళ్లు 4.8 శాతం, చదవని టీచర్ల పిల్లల్లో 9.6. అంతకుముందు సస్పెండైన పిల్లలు, ఈ టీచర్లు తమను గౌరవిస్తున్నారని మిగతా టీచర్ల దగ్గరి అలాంటి పిల్లలకంటే ఎక్కువగా చెప్పారు.