ఫ్యామిలీ డాక్టరు, మహమ్మారి: బ్రిటన్‌లో నూరేళ్ల బేరం

కరోనా రెండో ఏడు బ్రిటన్ పత్రికలు ఫ్యామిలీ డాక్టర్ల మీద విరుచుకుపడ్డాయి. ఫోన్లోనే మందులు చెబుతున్నారు, మనిషిని చూడటం మానేశారు అని. చూసి తీరాలని వాళ్ల కాంట్రాక్టులో ఉందా?

అక్కడ జీపీ అని పిలిచే ఈ డాక్టర్లలో చాలామంది ప్రభుత్వ ఉద్యోగులు కారు, కాంట్రాక్టర్లు. 1911లో లాయిడ్ జార్జ్ తెచ్చిన బీమా చట్టంతో కార్మికుల పేర్లు డాక్టర్ల జాబితాలకెక్కాయి. 1913 జనవరి నుంచి తలకింత చొప్పున డబ్బు, దానికి వైద్యం. భార్యాపిల్లలు లెక్కలో లేరు. 1948 జూలై 5న ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ మొదలై అందరినీ చేర్చుకుంది. ఆసుపత్రి డాక్టర్లు జీతానికి కుదిరారు, జీపీలు ససేమిరా అన్నారు. ఆ స్వేచ్ఛ కోసం తమ పేషెంట్ల పూచీ రాత్రింబవళ్లూ నెత్తినేసుకున్నారు.

2004 ఏప్రిల్ నాటి కాంట్రాక్టు ఆ బరువు దించింది. ఏడాదికి సగటున 6,000 పౌండ్లు వదులుకుంటే రాత్రులు, వారాంతాల బాధ్యత ఉండదు. చాలామంది సంతోషంగా వదులుకున్నారు. ఇక మిగిలింది సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 8 నుంచి సాయంత్రం 6.30 వరకు. జబ్బు ఉన్నవాళ్లనే కాదు, ఉందనుకునేవాళ్లనూ పట్టించుకోవాలి. ఏ పద్ధతిలో అన్నది మాత్రం పేషెంటుతో మాట్లాడి జీపీ క్లినిక్కే తేల్చుకోవచ్చు. తర్వాతి గొడవంతా ఈ ఒక్క ముక్క దగ్గరే పుట్టింది.

2009 స్వైన్‌ఫ్లూలో జూలై 23న ఇంగ్లండ్‌లో ప్రత్యేక సేవ తెరిచారు. ఫోన్లోనో వెబ్‌లోనో లక్షణాలు చెబితే డాక్టరును కలవకుండానే మందు. టీకాకు మాత్రం జీపీలతో విడిగా బేరం కుదిరింది, డోసుకు 5.25 పౌండ్లు.

2020 మార్చిలో ముందు ఫోన్లో వడపోయండి అన్నది ఎన్‌హెచ్‌ఎస్సే. నెలాఖరుకు నిబంధనలు సవరించి, మహమ్మారి వేళ కాంట్రాక్టు షరతులు సడలించే వీలు కల్పించారు. సెలవులైన గుడ్‌ఫ్రైడే, ఈస్టర్ సోమవారాల్లోనూ క్లినిక్‌లు తెరిపించారు. ఆ రోజుల్లో కరోనాతో చనిపోయిన మొదటి పదిమంది డాక్టర్లూ మైనారిటీ జాతులవారే. మనవైపు నుంచి వెళ్లి అక్కడ జీపీలుగా స్థిరపడ్డవాళ్లూ తక్కువేం కాదు.

మన దేశంలో అందరికీ వర్తించే ఇలాంటి జాబితా, కాంట్రాక్టు లేవు. అంటురోగం ప్రబలితే తనకు సోకుతుందన్న భయంతో వైద్యుడు విధి వదలరాదని 2002 మెడికల్ కౌన్సిల్ నియమావళి చెబుతుంది. ఆ నిబంధనలో పనివేళల ఊసూ, డబ్బు ఊసూ లేవు.

2021 మే 13న ఎన్‌హెచ్‌ఎస్ మాట మార్చింది. పేషెంటు నేరుగా చూడమంటే, కాదనడానికి వైద్యపరమైన కారణం లేనంతవరకు చూడాలంటూ లేఖ పంపింది. అక్టోబరులో 25 కోట్ల పౌండ్లు ఎరగా వేసింది. నా మటుకు కాంట్రాక్టు కాగితం డాక్టర్ల పక్షానే ఉంది. ఫోన్లో చెవిటి ముసలాయన ఏం చెప్పుకుంటాడన్నదానికి ఆ కాగితంలో జవాబు లేదు.

2025 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ అభ్యర్థనలను పనివేళలంతా తీసుకోవడం కాంట్రాక్టు షరతైంది. ఈసారి అభ్యంతరం చెప్పింది డాక్టర్ల సంఘం బీఎంఏ.