షార్ట్ షిఫ్టర్ వేస్తే గేర్లు ఫ్రీ అవుతాయా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, సెకండ్ గేర్ టైట్‌గా పడుతోంది. షార్ట్ షిఫ్టర్ వేసేద్దామా?"

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే కుర్రాళ్ల నోట ఈ మాట తరచూ వింటూనే ఉంటాను. షార్ట్ షిఫ్టర్ అంటే గేర్ మార్చేటప్పుడు చెయ్యి కదిలే దూరాన్ని తగ్గించే కిట్టు. అడిగేటప్పటికే చేతిలో పార్సిల్ ఉంటుంది. ఫోన్‌లో ఎవరో గేర్లు టకటకా మార్చేస్తున్న వీడియో ఉంటుంది. నేను ముందు చెప్పేది ఒక్కటే: ఆ పార్సిల్ విప్పొద్దు, సీల్ ఉంటే వాపసు పంపొచ్చు.

షార్ట్ షిఫ్టర్ మీద నాకు కోపమేమీ లేదు. బాగున్న బండికి మంచి కిట్టు సరిగ్గా బిగిస్తే నడపడానికి సరదాగా ఉంటుంది. చెడిపోయిన బండికి దాన్ని మందులా వాడటమే నా బాధ.

అపోహ: గేర్ టైట్‌గా పడుతుంటే షార్ట్ షిఫ్టర్‌తో ఫ్రీ అవుతుంది

అవ్వదు. ఇంకా టైట్ అవుతుంది. జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ ఒక్క అపోహ వల్లే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

గేర్ రాడ్ మధ్యలో ఒక పివట్, అంటే రాడ్ ఊగే ఇరుసు, ఉంటుంది. ఆ పివట్ నుంచి పైన చేత్తో పట్టుకునే నాబ్ దాకా 200 మి.మీ., కింద కేబుల్ తగిలే చోటు దాకా 40 మి.మీ. ఉందనుకుందాం. అంటే 5:1. కింద 20 మి.మీ. కదలాలంటే మీ చెయ్యి 100 మి.మీ. కదలాలి. కిట్టు చేసే పని ఆ పివట్‌ను పైకి జరపడం. ఇప్పుడు పైన 180, కింద 60 అయితే 3:1. అదే 20 మి.మీ.కి చెయ్యి 60 మి.మీ. కదిలితే చాలు. ఇక్కడిదాకా అందరికీ సంతోషమే. కానీ ఇంతకుముందు 3 కిలోల బలంతో పడే గేర్‌కు ఇప్పుడు 5 కిలోల బలం కావాలి. దూరంలో మిగిలిన దాన్ని బలంలో కట్టాలి. ఏ బ్రాండ్ కిట్టు తెచ్చినా, ఎంత ఖరీదు పెట్టినా ఈ లెక్క మారదు.

గేర్‌బాక్స్ లోపలి సంగతి కూడా చూడండి. స్లీవ్ (గేర్‌ను షాఫ్టుకు కలిపే జారుడు రింగు) వెళ్లి గేర్ పళ్లలో కూర్చోవాలంటే ముందు రెండింటి వేగం కలవాలి. ఆ పని సింక్రో రింగుది. అది గేర్ కోన్ మీద రాసుకుంటూ వేగాన్ని సరిచేస్తుంది, వేగాలు కలిసేదాకా స్లీవ్‌ను లోపలికి పోనివ్వదు. కదులుతున్న బస్సు ఎక్కేవాడు నాలుగడుగులు దాంతోపాటు పరిగెత్తి ఎక్కుతాడే, అలాంటి పని. దానికి కొంత టైమ్ కావాలి. పొడుగు రాడ్ అయితే మీ చెయ్యి ఆ దూరం దాటేలోపు రింగు తన పని కానిచ్చేస్తుంది. పొట్టి రాడ్ అయితే చెయ్యి ముందే వచ్చి తలుపు తోస్తుంటుంది. రింగు కొత్తదైతే తట్టుకుంటుంది. అరిగిపోయి ఉంటే గర్ర్ మని శబ్దం. అప్పటిదాకా అప్పుడప్పుడూ వినిపించిన గరగర, కిట్టు వేశాక ప్రతిసారీ వినిపిస్తుంది.

గుంటూరు నుంచి ఒకబ్బాయి సెకండ్ హ్యాండ్ పోలో తెచ్చాడు. వేరే చోట కిట్టు బిగించుకుని, నెల తిరక్కుండా మా దగ్గరికి వచ్చాడు. సెకండ్‌లోకి వేస్తే నాలుగు బండ్ల అవతలికి వినపడుతోంది. బండి నిలబెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి కొద్దిసేపాగి రివర్స్ వేశాను. గర్ర్. ఇంజిన్ ఆపి వేశాను. వెన్నలా పడింది. అంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు, పెడల్ తొక్కినా ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్ పూర్తిగా వేరుపడటం లేదు. చూస్తే క్లచ్ హైడ్రాలిక్ లైన్‌లో గాలి ఉంది. బ్లీడింగ్ చేస్తే, అంటే ఆ గాలి బయటికి తీసేస్తే, పోయే సమస్య అది. ఖర్చు కాస్త ఫ్లూయిడ్, కాస్త లేబర్. కానీ క్లచ్ విడవకపోతే సింక్రో రింగు ఒక్క క్లచ్ ప్లేటును మాత్రమే కాదు, ఇంజిన్‌ను కూడా పట్టి ఆపాల్సి వస్తుంది. పైగా షార్ట్ షిఫ్టర్‌తో అతను ఎక్కువ బలంతో తోస్తున్నాడు. రింగు ఏం చేస్తుంది పాపం. బాక్స్ దించాల్సి వచ్చింది. కిట్టు డబ్బులు, బిగించిన లేబర్, బాక్స్ దించిన లేబర్, రింగులు, ఆయిల్... ఆ అబ్బాయి ముఖం చూసి బిల్లు రాయడానికి నాకే మనసొప్పలేదు.

అందుకే కిట్టు కొనేముందు ఇంట్లోనే చూసుకోదగ్గవి చెబుతున్నాను. చదునైన చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి చేయండి.

ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి, క్లచ్ మొత్తం తొక్కి మళ్లీ వేయండి. ఆపినప్పుడు ఫ్రీగా, ఆన్‌లో టైట్‌గా ఉంటే తప్పు క్లచ్‌ది. ఆల్టో లాంటి కేబుల్ క్లచ్ బండి అయితే అడ్జస్ట్‌మెంట్ చూడాలి. హైడ్రాలిక్ అయితే గాలి, లీకు చూడాలి.

రెండు సందర్భాల్లోనూ టైట్‌గా ఉంటే కేబుల్, బుష్‌లు (రాడ్, కేబుల్ కీళ్ల దగ్గరుండే తొడుగులు), సెలెక్టర్ (బాక్స్ మీద గేర్‌ను ఎంచే భాగం), ఆయిల్ వైపు వెళ్లాలి. న్యూట్రల్‌లో రాడ్ లొడలొడా ఊగుతోంది, ఏ గేర్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది అంటే ముందు అనుమానించాల్సింది బుష్‌లను. బుష్‌ల సెట్టు కిట్టు ఖరీదులో ఏ మూలకూ రాదు. అవి మార్చాక, "అన్నా, ఇక కిట్టు వద్దులే" అన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

బండి కదులుతున్నప్పుడు ఒకే ఒక్క గేర్, ఎక్కువగా సెకండ్, గర్ర్ మంటుంటే డబుల్ క్లచ్ చేసి చూడండి. క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి మళ్లీ తొక్కి సెకండ్. అలా చేస్తే శబ్దం పోతోందంటే సింక్రో రింగు అరిగింది. దానికి బాక్స్ దించడమే మందు. వేరే దారి లేదు.

ఇక ఆయిల్. ఏ బండి అయినా సరే "90 నంబర్" పోసేసే అలవాటు మా వాళ్లలో చాలామందికి ఉంది. ఇప్పటి చాలా కార్ల గేర్‌బాక్స్‌లకు 75W-80, 75W-85 లాంటి పల్చటి జీఎల్-4 (గేర్ ఆయిల్ గ్రేడు) ఆయిల్ కావాలి. అందులో చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున్నే చల్లటి బండిలో గేర్ బరువుగా పడుతుంది. జీఎల్-5 పోస్తే దాని కెమికల్స్ ఇత్తడి రింగులకు పడవు, రింగు పట్టు కూడా తగ్గుతుంది. నంబర్ పెద్దదైతే ఆయిల్ మంచిదనుకోవద్దు. మీ బండి మాన్యువల్‌లో ఏం రాసుందో అదే పోయించండి.

అన్నిటికంటే ముందు కాళ్ల దగ్గర చూడండి. రిటైర్ అయిన ఒక మాస్టారు బండి కొత్తగా తీసుకుని ఏడాది కాలేదు, ఫస్ట్ గేర్ పడటం లేదని వచ్చారు. ఎవరో గేర్‌బాక్స్ పోయిందని చెప్పారట, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదన్నారు. బండి ఎక్కి కూర్చుంటే కాళ్ల కింద మెత్తగా మందపాటి 7డీ మ్యాట్. క్లచ్ పెడల్ ఆ మ్యాట్‌కు తగిలి చివరిదాకా వెళ్లడం లేదు. మ్యాట్ తీసి, "ఇప్పుడు వేయండి మాస్టారూ" అన్నాను. పడింది. బిల్లు లేదు, టీ మాత్రం ఆయనే ఇప్పించారు. ఇలాంటివాళ్లను భయపెట్టి బాక్స్ దించేవాళ్లంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది

పెరగవు. గేర్ నిష్పత్తులు బాక్స్ లోపలి పళ్ల సంఖ్యలో ఉంటాయి. మీ చేతి కింద రాడ్ మారితే లోపల పళ్లు మారవు. గేర్ మారేటప్పుడు రవ్వంత టైమ్ కలిసొస్తుందేమో, అదీ చెయ్యి అలవాటు పడ్డాక. ఇంకేం లేదు.

అపోహ: రాడ్‌ను లేత్ షాపులో కోయిస్తే అదే షార్ట్ షిఫ్టర్

దూరం తగ్గుతుంది, నిజమే. పైన 200 ఉన్నదాన్ని 150 చేస్తే నిష్పత్తి 5 నుంచి 3.75కి వస్తుంది, పావు వంతు దూరం తగ్గుతుంది. బలం మాత్రం మూడో వంతు పెరుగుతుంది. నాబ్ కిందికి దిగిపోయి సీట్లోంచి వంగి వెతుక్కోవాలి. కిట్టులో పివట్ మారుతుంది కాబట్టి నాబ్ ఎత్తు పెద్దగా మారదు, తేడా అక్కడే ఉంది. ఇంకో చిక్కు: నాబ్ కింద రింగు ఎత్తి రివర్స్ వేసే బండ్లు ఉన్నాయి కదా, చాలావాటిలో ఆ రింగు తాలూకు లింకు రాడ్ వెంటే కిందికి వెళ్తుంది. కోసేవాడికి ఆ సంగతి తెలియకపోతే రివర్స్ లాక్ పోయినట్టే. మళ్లీ వెల్డింగ్ చేయించుకుని తెస్తారు, అది అచ్చంగా వెల్డింగ్ రాడ్‌లానే కనిపిస్తుంది.

అపోహ: ఏ కిట్టు అయినా ఏ బండికైనా సరిపోతుంది

"యూనివర్సల్" అని రాసి ఉంటే దూరంగా ఉండండి. బొలెరోలో రాడ్ నేరుగా గేర్‌బాక్స్ మీదే కూర్చుంటుంది. పాత మారుతి 800లో మధ్యలో ఇనప లింకేజీ. స్విఫ్ట్, పోలో లాంటి వాటిలో కేబుళ్లు. కేబుల్ బండ్లలో ఒక కేబుల్ ముందుకూ వెనక్కూ, ఇంకోటి పక్కలకూ పనిచేస్తాయి. చాలా కిట్లు ముందువెనకల దూరమే తగ్గిస్తాయి, పక్కలకు పాత వెడల్పే ఉంటుంది. అది లోపం కాదు, కానీ తెలియక "మూడుకి పోబోయి ఒకటికి పోతోంది" అని వచ్చేవాళ్లు ఉన్నారు. చెయ్యి అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది, కంగారేం లేదు.

కొన్ని కిట్లు రాడ్ దగ్గర కాకుండా గేర్‌బాక్స్ నెత్తిన ఉండే సెలెక్టర్ లివర్‌నే మారుస్తాయి. చాలా బండ్లలో ఆ లివర్‌కు ఒక ఇనప దిమ్మ ఉంటుంది. ఎందుకు వేస్ట్ బరువని తీసేసే కిట్లూ ఉన్నాయి. ఆ బరువే గేర్‌ను సాఫీగా లోపలికి లాక్కెళ్తుంది. తీసేస్తే గేర్ గరుగ్గా, మెట్లు మెట్లుగా తగులుతుంది. బరువైన నాబ్ వేసుకుంటే కొంత మార్పు ఎందుకు కనిపిస్తుందో కూడా దీంతో అర్థమవుతుంది. కొంచెం సరదా చాలు అనుకునేవాళ్లకు నేను ముందు నాబ్ మార్చి చూడమంటాను.

అపోహ: షార్ట్ షిఫ్టర్ వేస్తే గేర్‌బాక్స్ పోతుంది

ఇది రెండో వైపు అతి. పైన చెప్పినట్టు క్లచ్, ఆయిల్, బుష్‌లు బాగుండి, గేర్‌ను మొరటుగా నెట్టకుండా, పడేదాకా ఒక క్షణం ఒత్తిపట్టి వేస్తే బాక్స్‌కు ఏమీ కాదు. ఇప్పటికే వేయించుకుని, ఎవరి మాటో విని భయపడుతున్నవాళ్లు ఊరికే పీకించకండి. గరగర లేకపోతే నడుపుకోండి.

వారంటీ, ఆర్టీఓ సంగతులు క్లుప్తంగా: వారంటీలో ఉన్న బండికి వేస్తే, రేపు గేర్‌బాక్స్ సమస్య వచ్చినప్పుడు కంపెనీ ఈ కిట్టును చూపించి తప్పుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పుల గురించి చెబుతుంది. ఆర్‌సీలో గేర్ రాడ్ పొడుగు ఉండదు. రోడ్డు మీద ఎవరూ దీన్ని కొలవరు.

అపోహ: బిగించడం పది నిమిషాల పని

విప్పి మార్చడం పెద్ద పని కాదు. తర్వాత కేబుల్ సెట్టింగ్ ఉంటుంది, పని చెడేది అక్కడే. రాడ్‌ను న్యూట్రల్‌లో పిన్నుతో లాక్ చేయాలి, బాక్స్ మీద సెలెక్టర్‌ను న్యూట్రల్‌లో ఉంచాలి, అప్పుడే కేబుల్ బిగించాలి. కంటితో చూసి ఉజ్జాయింపుగా బిగిస్తే ఒకవైపు గేర్లు పూర్తిగా పడతాయి, రెండోవైపు సగంలో ఆగుతాయి. సగం పడిన గేర్ లోడ్ మీద ఎగిరి బయటికి వస్తుంది. స్లీవ్, గేర్ పళ్లు కొసల దగ్గర అరిగిపోతాయి. ఆ తర్వాత కేబుల్ సరిచేసినా గేర్ నిలవదు.

బిగించినవాడు కన్సోల్ మూసేముందు మీరే సీట్లో కూర్చోండి. ఇంజిన్ ఆపి ఒక్కో గేర్ వేసి, చివర ఇంకా కొంచెం జాగా మిగిలి ఉందో లేదో చూడండి. రాడ్ కన్సోల్ అంచుకు తగిలి ఆగుతోందంటే గేర్ నిండా పడనట్టే. ఐదు నుంచి నేరుగా వెనక్కి లాగి చూడండి. ఐదుకు ఎదురుగా రివర్స్ ఉండే బండ్లలో అలా లాగితే రివర్స్‌లోకి పోకూడదు. పోతోందంటే లాక్ పనిచేయడం లేదు, ఆ బండిని షెడ్డులోంచి బయటికి తీయనివ్వొద్దు. అన్నీ సరిగ్గా ఉంటే రబ్బరు బూటు కింద అంచు చుట్టూ సరిగ్గా కూర్చోబెట్టించండి. అది వదులుగా ఉంటే కిందనుంచి వేడి, దుమ్ము, బాక్స్ చప్పుడు అన్నీ లోపలికి వస్తాయి. మర్నాడు "షార్ట్ షిఫ్టర్ వల్ల సౌండ్ వస్తోంది అన్నా" అంటూ వచ్చిన చాలా బండ్లలో నేను చేసింది ఆ బూటు సరిచేయడమే.