పాత ఇండోర్ హాల్ కూలగొట్టాలా? కాలేజీ వాలీబాల్ కోర్టులపై అపోహలు – వాస్తవాలు

నల్లగొండ, పాలమూరు వైపు కాలేజీల్లో పాత ఇండోర్ హాల్ అంటే చాలా చోట్ల ఒకే రూపం. ఇనుప ట్రస్‌ల (కప్పును మోసే త్రికోణాల ఫ్రేముల) మీద సిమెంటు రేకులు, కింద గచ్చు లేదా షాబాద్ బండలు, ఒక కొసన స్టేజీ. వానొస్తే కారుతుంది, ఎండొస్తే ఉడుకుతుంది. టీమ్ బయట పోటీలకు పోయి మంచి కోర్టులు చూసి వచ్చిందంటే "ఇది కూలగొట్టి కొత్తది కట్టాలి" అనే మాట మొదలవుతుంది. కొన్నిసార్లు అది సరైన మాటే. ఎక్కువసార్లు మాత్రం టేపు పట్టకుండా అన్న మాట.

అపోహ: హాల్‌కు నలభై ఏళ్లు దాటాయి. ఇక పనికిరాదు.

వాస్తవం: వయసును బట్టి హాల్‌ను తీసేయరు. కాలేజీ వాలీబాల్ బాగా నడిచే అమెరికాలో విస్కాన్సిన్ ఫీల్డ్ హౌస్, టెక్సాస్ గ్రెగరీ జిమ్ 1930లో తెరిచినవి. పెన్ స్టేట్ వాళ్ల రెక్ హాల్ 1929 నాటిది. ఆ మూడింట్లోనూ యూనివర్సిటీ జట్లు ఇంకా ఆడుతున్నాయి. విస్కాన్సిన్ అమ్మాయిలు 2021లో, టెక్సాస్ 2022, 2023లో, పెన్ స్టేట్ 2024లో జాతీయ టైటిల్ గెలిచారు. నెబ్రాస్కా మాత్రం 2013లో పాత కొలీజియం వదిలి పెద్ద అరీనాకు మారింది. అక్కడ అవసరం సీట్లది. మన కాలేజీల్లో సీట్ల కొరతతో కొత్త హాల్ అడిగేవాళ్లు అరుదు కాబట్టి ఆ కారణం మనకు వర్తించదు.

చూడాల్సింది ఆ హాల్‌లో ఏది మార్చగలం, ఏది మార్చలేం అన్నది. రేకులు, ఫ్లోరు, లైట్లు, పోల్స్ అన్నీ మార్చవచ్చు. మార్చలేనివి మూడు: లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు. కోర్టు 18 మీటర్లు × 9 మీటర్లు. దాని చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ ఉండాలి. అంటే 24 × 15, మన లెక్కలో సుమారు 79 అడుగులకు 49 అడుగులు. ఈ కొలత గోడ నుంచి గోడకు తీయకూడదు. లోపలికి పొడుచుకొచ్చిన పిల్లర్ ముఖం నుంచి, స్టేజీ అంచు నుంచి తీయాలి. చాలా హాళ్లు తప్పేది ఈ స్టేజీ దగ్గరే. ఎండ్ లైన్ వెనక రెండు మీటర్లు కూడా మిగలదు, జంప్ సర్వ్ వేసేవాడికి పరుగు చాలదు. స్టేజీ కోసేస్తే సరిపోయే సమస్యకు హాల్ కూలగొట్టాల్సిన పని లేదు.

ఎత్తు సంగతి వేరు. ఆట జరిగే చోటు మీద 7 మీటర్లు, అంటే 23 అడుగులు, ఏ అడ్డూ లేకుండా ఉండాలి. లేజర్ టేపుతో ట్రస్ కింది కడ్డీ దాకా కొలవండి. తర్వాత దానికి వేలాడే ఫ్యాను, లైటు కింది అంచు దాకా కొలవండి. రెండో అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. మనం ఆడే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం బంతి పైకప్పుకు తగిలితే అవుట్. అమెరికా కాలేజీ నిబంధనల్లో మాత్రం మన వైపే తగిలి మన వైపే పడితే ఆట సాగుతుంది. ఫ్యాన్లు తీస్తే 7 మీటర్లు వస్తే తీసేయండి. ట్రస్ కడ్డీయే 18, 19 అడుగుల్లో ఉంటే ఎన్ని లక్షలు పోసినా అది పోటీల హాల్ కాదు. దాన్ని ప్రాక్టీసుకు, టేబుల్ టెన్నిస్‌కు ఉంచుకుని వాలీబాల్‌కు కొత్తది అడగడం న్యాయం.

అపోహ: ట్రస్‌కు తుప్పు కనిపిస్తే షెడ్డు మొత్తం పోయినట్టే.

వాస్తవం: పైన కనిపించే ఎర్ర తుప్పు ఎక్కువగా రంగు పోయిన గుర్తు. ప్రమాదం ఉండేది నీళ్లు నిలిచే చోట, అంటే కాలమ్ అడుగున బేస్ ప్లేట్ దగ్గర, వాననీటి కాలువ కింద, గోడలోకి దూరిన ట్రస్ కొసల్లో. వైర్ బ్రష్‌తో గీకి, అల్ట్రాసోనిక్ గేజ్‌తో మందం కొలిపించాలి. అసలు మందంలో పదో వంతుకు మించి తగ్గితే ఆ భాగానికి స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో మళ్లీ లెక్క వేయించాలి. ప్లేటు అతికి వెల్డింగ్ చేస్తే చాలా మట్టుకు నిలబడుతుంది.

కాంక్రీటు పిల్లర్లయితే సుత్తితో తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన చోట లోపల సలాకలు తుప్పు పట్టి ఉబ్బాయని అనుమానించాలి. కొత్తగా పగలగొట్టిన ముఖం మీద ఫినాల్ఫ్‌థలీన్ అనే పరీక్ష ద్రావణం చల్లితే గులాబీ రంగు రావాలి. సలాక ఉన్న లోతు దాకా రంగు రాకపోతే ఆ కాంక్రీటుకు ఇనుమును కాపాడే గుణం పోయినట్టే. ఒకటి రెండు పిల్లర్లకైతే రిపేరు. అన్నింటికీ అదే తీరైతే కొత్త హాల్ అనే మాటకు బలం వచ్చినట్టు.

అపోహ: గోడలు పగిలాయంటే పునాది కదిలింది.

వాస్తవం: నేల ఏమిటో ముందు చూడాలి. చల్క నేలల్లో చాలా పగుళ్లు ప్లాస్టరుకే ఉంటాయి. రేగడిలో మాత్రం జాగ్రత్త. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు, ఒక కొస వెడల్పుగా మరో కొస సన్నగా ఉంటే, పునాది కదలికను చూపిస్తుంది. పగులు మీద అడ్డంగా చిన్న గాజు పలకను రెండు కొసలా ఎపాక్సీతో అంటించి తేదీ రాయండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక గాజు పగిలితే పగులు ఇంకా కదులుతోందన్నమాట. పగలకపోతే నింపి రంగు వేయొచ్చు. ఇలా ఒక ఏడాది ఆగే ఓపిక లేకనే చాలా కమిటీలు కూల్చివేతకు సంతకం పెట్టేస్తాయి.

అపోహ: సిమెంటు రేకులు తీసి తేలికైన ఇనుప రేకులు వేస్తే బరువు తగ్గుతుంది, కాబట్టి ఇంజనీర్ అక్కర్లేదు.

ఈ ఒక్క అపోహ వల్ల పైకప్పులే లేచిపోతాయి, అందుకే కొంచెం వివరంగా. పాత సిమెంటు రేకు చదరపు మీటరుకు దాదాపు 15 కిలోలు. అర మిల్లీమీటరు మందం గల రంగు ఇనుప రేకు దాదాపు 5 కిలోలు. 600 చదరపు మీటర్ల కప్పు మీద ఆరు టన్నులు తగ్గుతుంది. ట్రస్ మోసే భారానికి అది మంచిదే. కానీ వేసవిలో గాలి దుమారం వచ్చినప్పుడు కప్పు మీద గాలి కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. ఇన్నాళ్లూ ఆ ఆరు టన్నులే కప్పును పట్టి ఉంచాయి. బరువు తీసేశాక ఆ లాగుడు మొత్తం స్క్రూలు, పర్లిన్ల (రేకుల కింద అడ్డంగా పోయే ఇనుప కడ్డీల) క్లీట్లు, బేస్ ప్లేట్ బోల్టుల మీద పడుతుంది. పాత బోల్టులను ఆ లెక్కతో పరీక్షించకపోతే రేకులతో పాటు పర్లిన్లూ లేస్తాయి. హైదరాబాద్‌కు డిజైన్‌లో తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. మీ ఊరి అంకెను గాలి భారాల భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం నుంచి తీసి డ్రాయింగ్ మీద రాయమని ఇంజనీర్‌ను అడగండి. లాగుడు చూరు దగ్గర, కొప్పు దగ్గర, మూలల్లో ఎక్కువ. స్క్రూలు అక్కడ దగ్గర దగ్గరగా పడాలి. రబ్బరు వాషర్ నలిగేలా బిగిస్తే అక్కడి నుంచే కారుతుంది, వదులుగా వదిలేసినా కారుతుంది.

పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కూలీలు సుత్తితో పగలగొట్టి కింద పడేయడం చూస్తుంటాం. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయే రకం. రేకును నీళ్లతో తడిపి, దాన్ని పట్టి ఉంచే జె-బోల్టులు కోసి, ముక్క కాకుండా దించాలి. తుండుగుడ్డ మాస్కు కాదు, బిగుతుగా కూర్చునే రెస్పిరేటర్ కావాలి. రేకులను రెండు పొరల పాలిథీన్‌లో చుట్టి ప్రమాదకర వ్యర్థాలుగా పంపాలి. హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో అందుకు కేంద్రం ఉంది. ఈ రవాణా ఖర్చు ఎస్టిమేట్‌లో లేకపోతే రేకులు కాలేజీ వెనక గుంతలోకే పోతాయి.

అపోహ: ఏసీ లేకుండా మన ఎండలకు ఇండోర్ ఆట కుదరదు.

వాస్తవం: మామూలు పోటీలకు నిబంధనల్లో కనీసం 10 డిగ్రీలు ఉండాలని రాసుంది. నల్లగొండ మే నెలను తలచుకుని రాసిన వాక్యం కాదది. అయినా వేడిలో పెద్ద వాటా కప్పు నుంచే దిగుతుంది. తెల్లటి రిఫ్లెక్టివ్ పూత, రేకు కింద ఇన్సులేషన్, కొప్పు మీద గాలికి తిరుగుతూ వేడిని బయటికి పంపే టర్బో వెంటిలేటర్లు ఉంటే సాయంత్రం ప్రాక్టీసు సాగుతుంది. తెలంగాణ 2023–28 కూల్ రూఫ్ పాలసీ ప్రభుత్వ భవనాలకు ఇలాంటి కప్పునే తప్పనిసరి చేసింది కాబట్టి సర్కారు కాలేజీ ప్రతిపాదనలో ఆ పేరు రాస్తే ఫైలుకు బలం.

వెంటిలేటర్లు పెట్టి కిందివైపు గాలి దారి వదలకపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు. పైన ఎంత నోరు ఉందో, గోడ అడుగున లూవర్లకు (గాలి వచ్చే పలకల సందులకు) కనీసం అంత నోరు ఉండాలి. లేకపోతే పైన చక్రం తిరుగుతూనే ఉంటుంది, లోపలి వేడి లోపలే ఉంటుంది.

అపోహ: మంచి టీమ్‌కు చెక్క ఫ్లోరే కావాలి.

వాస్తవం: చెక్క ఫ్లోరు మోకాళ్లకు మేలే, సందేహం లేదు. కానీ మన దగ్గర మేలో గాలి ఎండిపోయి ఉంటుంది, ఆగస్టులో తడిగా ఉంటుంది. ఏసీ లేని హాల్‌లో చెక్క ఆ తేడాకు ముడుచుకుని సందులు పడుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. గోడ చుట్టూ అంగుళంన్నర నుంచి రెండు అంగుళాల ఖాళీ వదలకపోతే మధ్యలో పైకి లేస్తుంది. చెదల సంగతి చెప్పనక్కర్లేదు. 7 నుంచి 9 మిల్లీమీటర్ల స్పోర్ట్స్ వినైల్ ఫ్లోరింగ్ మన కాలేజీలకు సరిపోతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 14904 ప్రకారం స్పోర్ట్స్ ఫ్లోరు దెబ్బను కనీసం 25 శాతం పీల్చుకోవాలి. కొటేషన్‌తో పాటు ఆ టెస్ట్ రిపోర్టు అడగండి. రంగుల క్యాటలాగ్ ఇచ్చి రిపోర్టు దాటేస్తే వేరే వాళ్లను చూసుకోండి.

అపోహ: ఉన్న బండల మీదే సింథటిక్ పరిస్తే చాలు.

బండల సందులు ఆరు నెలల్లో పైకి గీతలుగా తేలతాయి. అంతకంటే పెద్ద సమస్య తడి. పాత గచ్చు కింద పాలిథీన్ పొర ఉండదు. భూమి తడి పైకెక్కి జిగురును వదిలిస్తుంది, ఫ్లోరు బుడగలు కడుతుంది. పరీక్ష సులువు: 45 సెంటీమీటర్ల చదరపు పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా గచ్చుకు అంటించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు కింద నీటి చుక్కలున్నా, గచ్చు నల్లబడినా తడి ఉన్నట్టే. హాల్‌లో ఐదారు చోట్ల చేయండి, ఆగస్టు–సెప్టెంబరులో చేయండి. కాంట్రాక్టర్ మేలో చేసి చూపించే పరీక్ష ఎప్పుడూ పాసవుతుంది.

తడి ఉంటే బండలు లేపి, మొరం గట్టిగా కుదించి, పాలిథీన్ పరిచి, దాని మీద 10 సెంటీమీటర్ల కాంక్రీటు కొత్తగా పోయాలి. కలపడానికి బోరు నీళ్లయితే ముందు ల్యాబ్‌కు పంపండి, ఈ జిల్లాల్లో ఉప్పు నీళ్ల బోర్లు తక్కువేం కాదు. తర్వాత క్యూరింగ్, ఆపైన ఆరడానికి నాలుగు నెలల దాకా టైం ఇవ్వండి. 3 మీటర్ల సూటి పట్టీ పెడితే కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనిపించకూడదు. యాన్యువల్ డేకు కుర్చీలు వేస్తే ప్లైవుడ్ పరిచి వేయాలి. ప్లాస్టిక్ కుర్చీ కాలు చేసే గుంట మళ్లీ పూడదు.

అపోహ: పోల్స్ ఎప్పుడైనా బిగించుకోవచ్చు.

వాస్తవం: ఫ్లోరు కంటే ముందే వాటి గుంతలు. పోల్ సైడ్ లైన్‌కు అర మీటరు నుంచి మీటరు దూరంలో ఉండాలి, ఎత్తు 2.55 మీటర్లు. తీగలతో నేలకు కట్టడం నిబంధనలకు విరుద్ధం. కాలికి తగిలితే గాయం. 10 సెంటీమీటర్ల గచ్చుకు బోల్టులతో బిగిస్తే నెట్ కేబుల్ లాగుడుకు బోల్టులు ఊడి పోల్స్ లోపలికి వంగుతాయి. నెట్ మధ్యలో జారుతుంది. అబ్బాయిలకు 2.43, అమ్మాయిలకు 2.24 మీటర్లు మధ్యలో ఉండాలి. సైడ్ లైన్ల మీద రెండు వైపులా ఎత్తు సమానంగా ఉండాలి, అసలు ఎత్తు కంటే 2 సెంటీమీటర్లకు మించకూడదు. రెండడుగుల చదరం, రెండున్నర అడుగుల లోతు కాంక్రీటు దిమ్మెలో స్లీవ్ (పోల్ దిగే గొట్టం) పాతి, మూత పెట్టించండి.

అపోహ: లైట్లు కోర్టు నడిమధ్యన ఉంటే వెలుతురు ఎక్కువ.

వాస్తవం: వెలుతురు ఎక్కువే, బంతి ఎత్తిచ్చే సెటర్ కళ్లలోకి. లైట్లు సైడ్ లైన్లకు బయట రెండు వరసల్లో ఉండాలి. 24 × 15 మీటర్ల చోటుకు 500 లక్స్ (నేల మీద పడే వెలుతురు కొలత) కావాలంటే 1,80,000 ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుతురు కొలత) నేలకు చేరాలి. గోడల్లో, దుమ్ములో పోయేది కలిపి సగానికి పైగా నష్టం వేసుకుంటే 3,75,000. 24,000 ల్యూమెన్ల 200 వాట్ల ఎల్ఈడీలు 16, వరసకు 8. లైటు కింద ఫోన్‌తో స్లో మోషన్ తీస్తే పట్టీలు పట్టీలుగా ఆడితే లైటు లోపలి డ్రైవర్ (కరెంటును సరిచేసే భాగం) నాసిరకం, వెనక్కి పంపండి.

అపోహ: పనులన్నీ ఒకే వేసవిలో కానిచ్చేయొచ్చు.

వాస్తవం: మన దగ్గర నైరుతి వానలు సాధారణంగా జూన్ రెండో వారంలో దిగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో కప్పు పని. వానాకాలమంతా కారుతుందేమో చూడాలి, కారిన చోట సున్నంతో గుర్తు పెట్టి సరిచేయాలి. గచ్చు దసరా తర్వాత, వినైల్ పరచడం దాని తడి పరీక్ష పాసయ్యాకే. కొత్త కప్పు ఒక్క వాన కూడా చూడకముందే ఫ్లోరు పరిస్తే, మొదటి కారుడుకే ఫ్లోరు డబ్బులు పోతాయి. అప్పటిదాకా టీమ్‌కు బయట మొరం కోర్టు ఒకటి చదును చేసి ఇవ్వాలి. కొత్త హాల్ కట్టినా ఈ ఏర్పాటు తప్పదు, పైగా ఇంకా ఎక్కువ కాలం కావాలి.

కొలతలన్నీ తీశాక కొత్తదే తప్పదని తేలితే, అంటే ఎత్తు చాలకపోతే, పిల్లర్లన్నీ పోతే, రేగడిలో గాజు పలకలు పగులుతూనే ఉంటే, టెండర్ రాసేటప్పుడు ఒక వాక్యం మీద పట్టుబట్టండి. "చూరు ఎత్తు 7 మీటర్లు" అని రాస్తే లైట్లు, డక్టులు వేలాడాక ఆరున్నర మిగులుతుంది. "కోర్టు, దాని చుట్టూ 3 మీటర్ల ఖాళీ మీద, వేలాడే అన్ని వస్తువుల కింద 7 మీటర్లు" అని రాయాలి. ఎండ్ లైన్ల వెనక గోడలకు కిటికీలు వద్దని, రేగడి నేలైతే అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు) కావాలో లేదో మట్టి పరీక్ష తర్వాతే తేల్చాలని కూడా అందులోనే చేర్చండి.