ఇంకా రాని ఆల్బమ్‌కి డబ్బు ఎందుకు కట్టానంటే

ప్రియమైన చిన్నూకీ, అమ్ములుకీ,

విడుదలే కాని పాటలకు ముందే డబ్బు కట్టడమేంటి పెద్దమ్మా, వచ్చాక ఊరికే వినొచ్చుగా అని అడిగారు. ఫోన్లో చెప్తే తెగే విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

పెద్ద రికార్డు కంపెనీ పద్ధతి ముందు తెలుసుకోండి. కంపెనీ రాపర్‌కి అడ్వాన్సు ఇస్తుంది. ఆ అడ్వాన్సూ, రికార్డింగు ఖర్చూ అతని వాటాలోంచే మళ్ళీ రాబట్టుకుంటుంది. చాలా ఒప్పందాల్లో మాస్టర్ రికార్డింగు (ప్రతులన్నిటికీ మూలమైన అసలు రికార్డింగు) మీద హక్కు కూడా కంపెనీదే. వాళ్ళు వద్దనుకుంటే తయారైన ఆల్బమ్ కూడా మూలన పడుతుంది. 1994లో ఎలెక్ట్రా కంపెనీ, అట్ట మీది బొమ్మ గొడవలు తెస్తుందని కేఎండీ అనే ర్యాప్ జట్టు ఆల్బమ్‌ని ఆపేసి, జట్టునే వదిలేసింది. అందులో ఉన్నది అన్నదమ్ములు. తమ్ముడు సబ్‌రాక్ అంతకు ముందు ఏడాదే కారు గుద్ది చనిపోయాడు. చేతిలో ఆల్బమ్ లేదు, పక్కన తమ్ముడు లేడు. ఆ అన్న కొన్నేళ్ళు ఎవరికీ కనపడలేదు. తిరిగొచ్చాక ముఖానికి లోహపు ముసుగు తొడిగాడు, పేరు ఎమ్మెఫ్ డూమ్ అని మార్చుకున్నాడు. 1999లో అతని మొదటి సోలో ఆల్బమ్ వేసింది బాబిటో గార్సియా న్యూయార్క్‌లో నడిపిన ఓ చిన్న లేబుల్, అంటే రికార్డు కంపెనీ. ఆ ఒక్క సంగతి చాలు, నాకు చిన్న లేబుళ్ళంటే ఎందుకంత గౌరవమో మీకు అర్థం కావడానికి.

తర్వాత డూమ్‌కి మ్యాడ్‌లిబ్ అనే సంగీతకారుడు కలిశాడు. 2002లో మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ వెళ్ళి, అక్కడ కొన్న పాత రికార్డుల్లోంచి ముక్కలు తీసి, హోటల్ గదిలో చిన్న శాంప్లర్ (పాటల ముక్కల్ని పట్టి మళ్ళీ వాయించే యంత్రం) మీద బీట్లు, అంటే మాటల వెనక మోగే సంగీతం, కట్టాడు. డూమ్ మాటలు రాశాడు. పని పూర్తికాక ముందే ఆ పాటలు ఇంటర్నెట్‌లోకి జారిపోయాయి. ఇద్దరికీ మనసు విరిగి వేరే పనుల్లో పడ్డారు. మళ్ళీ కూర్చున్నప్పుడు డూమ్ తన భాగాలన్నీ గొంతు దించి, నింపాదిగా కొత్తగా చెప్పాడు. 2004 మార్చి 23న స్టోన్స్ త్రో అనే స్వతంత్ర లేబుల్ ‘మ్యాడ్‌విలనీ’ని విడుదల చేసింది. 22 ట్రాకులు, 46 నిమిషాలు. చాలా పాటలకు పల్లవే లేదు!

అప్పుడు మేం కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఉండేవాళ్ళం. ఆ ఆల్బమ్‌ని టెలిగ్రాఫ్ అవెన్యూలో అమీబా అనే పెద్ద రికార్డుల కొట్లో కొన్నాను. మన పద్యంలో రెండో అక్షరానికి ప్రాస కలిస్తేనే చెవికి ఎంత బాగుంటుంది? డూమ్ పాదం చివరే కాదు, మధ్యలో కూడా మూడు నాలుగు అక్షరాల గుత్తుల్ని వరసగా కలిపేస్తాడు. కంద పద్యాలు కంఠతా వచ్చిన మీ తాతయ్యకు ఆ ఇంగ్లీషు సగమే అర్థమైంది, కూర్పు మాత్రం వెంటనే పట్టేశారు. “వీడికి ఛందస్సు తెలుసే” అన్నారు. ఇదే మ్యాడ్‌లిబ్ 2007లో మన దేశపు సినిమా పాటల ముక్కలతో ఒక ఆల్బమ్ చేశాడు. అందులో ఏ ముక్క ఏ పాటదో పట్టుకోవడం మీకొదిలేస్తున్నాను.

‘మ్యాడ్‌విలనీ’కి రెండో భాగం వస్తుందని ఏళ్ళ తరబడి ఎదురుచూశాం. 2020 అక్టోబరు 31న డూమ్ 49 ఏళ్ళకే పోయాడు. ఆ కబురు లోకానికి తెలిసింది డిసెంబరు 31న. ఆ రెండో భాగం పూర్తి ఆల్బమ్‌గా అతను ఉండగా రానేలేదు. ఎవరైనా ఆల్బమ్ రాబోతోందని చెప్తే నేను ఇంత సంబరపడేది అందుకే. అది పూర్తయి చేతికందడమే పెద్ద సంగతి.

ఇక డబ్బు విషయం. వైనిల్ రికార్డు (గ్రామఫోను పళ్ళెం లాంటిది) వేయాలంటే సాధారణంగా ముందు వార్నిష్ లాంటి పూత పూసిన పళ్ళెం మీద గాడి చెక్కాలి, దాన్నుంచి లోహపు అచ్చు తీయాలి, పరీక్షకు కొన్ని ప్రతులు వేసి వినాలి, అప్పుడు అసలు ప్రతులు. నెలలు పడుతుంది. ఆ పూత పళ్ళాలు చేసే ఫ్యాక్టరీలు ప్రపంచం మొత్తంలో రెండే ఉండేవి. కాలిఫోర్నియాలోది 2020 ఫిబ్రవరిలో కాలిపోయింది. ఈ ప్రతులు వేయించే ఖర్చు చిన్న లేబుల్ ముందుగానే పెట్టుకోవాలి, అమ్మకం డబ్బు తర్వాతెప్పుడో వస్తుంది. మనం ముందే కడితే ఎన్ని ప్రతులు వేయాలో వాళ్ళకు తెలుస్తుంది, అప్పు చేసే అవసరమూ తగ్గుతుంది. కాలిఫోర్నియాలోనే ఓక్లాండ్‌లో టూ షార్ట్, వలేహోలో ఈ-ఫార్టీ అనే రాపర్లు కారు డిక్కీలోంచి క్యాసెట్లు అమ్ముకున్న రోజుల్లో కూడా పెట్టుబడి అంతా వాళ్ళదే. ఇప్పుడు కళాకారులు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ అనే సైటులో కొంటే, ఆ సైటు డిజిటల్ ఆల్బమ్ మీద 15 శాతం, రికార్డు లాంటి వస్తువు మీద 10 శాతం తీసుకుంటుంది. లావాదేవీ రుసుము పోగా మిగిలింది కళాకారుడికీ లేబుల్‌కీ. 2020 మార్చి 20న మొదలుపెట్టిన బ్యాండ్‌క్యాంప్ శుక్రవారాల్లో తన వాటా కూడా వదులుకుంటుంది.

ఈమధ్య నేను కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసేది బిల్లీ వుడ్స్ అనే రాపర్ కోసం. తన లేబుల్ బ్యాక్‌వుడ్జ్ స్టూడియోజ్ తనే పెట్టుకున్నాడు. ఫొటోల్లో ముఖం చూపించడు. 2023లో బీట్లు కట్టే కెన్నీ సెగల్‌తో చేసిన ‘మ్యాప్స్’ అంతా ఊరూరా తిరిగే కళాకారుడి ప్రయాణం. ఒక పాట నచ్చిందని అదొక్కటే తిప్పి తిప్పి వింటే సగం పోతుంది. మొదటి నుంచి చివరి దాకా వరసలో వినండి. ఇంగ్లీషు గట్టిది, బూతులూ ఉంటాయి, మీ అమ్మకు ముందే చెప్పాను. లీకైన పాటలు ఎవరు పంపినా తెరవకండి, మ్యాడ్‌లిబ్‌కీ డూమ్‌కీ ఏం జరిగిందో చదివారుగా.

హైదరాబాద్‌లో ఇంటి గదుల్లోనే రికార్డు చేసి తెలుగు ర్యాప్ వదులుతున్న పిల్లలున్నారు. వచ్చే బ్యాండ్‌క్యాంప్ శుక్రవారానికి చెరొక ఆల్బమ్ ఎంచుకోండి, డబ్బు నేను కడతాను. ఒకటైనా తెలుగుదై ఉండాలి. అక్కడ దొరక్కపోతే ఆ కళాకారుడి దగ్గరే నేరుగా ఎలా కొనాలో కనుక్కుని నాకు రాయండి. బీటు ఎవరు కట్టారో, మిక్సింగు ఎవరు చేశారో ఆ పేర్లు కూడా రాయండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ