సాల్ట్ కరగలేదా? ముందు ఎంత వేశారో చూసుకోండి

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయంటే మా ల్యాబ్‌లో రోజూ ఒకటే పాట: "సార్, నా సాల్ట్ కరగట్లేదు." సాల్ట్ అంటే, నీళ్లలో కరిగించి పరీక్షలు చేసి ఏ లవణమో కనుక్కోమని ఇచ్చే పొడి. వెళ్లి చూస్తే టెస్ట్ ట్యూబ్ అడుగున బెత్తెడు పొడి, పైన రెండు మి.లీ. నీళ్లు.

అపోహ: నీళ్లలో కరగలేదంటే అది కరగని లవణమే.

వాస్తవం: అంత వేస్తే వంటింటి ఉప్పు కూడా కరగదు. 25 డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీటిలో కరిగే ఉప్పు సుమారు 36 గ్రాములు. ఆ లెక్కన 2 మి.లీ.లో పట్టేది 0.7 గ్రాము. కందిగింజంత పొడి తీసుకుని, 5 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి బాగా కుదపండి. కాసేపు ఓపిక పట్టండి. అప్పటికీ కరగకపోతే వేడి చేయండి. లెడ్ క్లోరైడ్ చల్లటి నీటిలో 100 మి.లీ.కి ఒక గ్రాము దగ్గరే ఆగిపోతుంది, మరిగే నీటిలో మూడు గ్రాములు దాటుతుంది. చల్లారితే సూదుల్లాంటి స్ఫటికాలై మళ్లీ బయటపడుతుంది.

తొందరపడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఇంటర్‌లో నాకిచ్చింది బేరియం నైట్రేట్. 2 మి.లీ. నీటిలో కరిగేది సుమారు 0.2 గ్రామే, నేను అరగ్రాము దాకా వేశాను. టెన్షన్‌లో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తూ పోయాను. ద్రవం పెరిగి కరిగింది, నేనేమో ఆమ్లం మహిమ అనుకున్నాను. అందులోనే క్లోరైడ్‌ను పట్టిచ్చే సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లటి అవక్షేపం, అంటే కరగని తెల్ల పొడి! బేరియం క్లోరైడ్ అని రాసేశాను. ఎగ్జామినర్ మెల్లగా అడిగారు, "బాబూ, ఈ క్లోరైడ్ ఎక్కణ్ణుంచి వచ్చింది?" నా కళ్లు ఆమ్లం సీసా మీదికి పోయాయి, ఆ క్లోరైడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోదే. కుళాయి నీళ్లు వాడినా ఇదే గొడవ. బోరు నీటిలో క్లోరైడ్ ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బీకరు మీది గీతలు ఉజ్జాయింపుకే, 5 శాతం అటూ ఇటూ ఉంటాయి. కొలవాలంటే కొలజాడీ తీసుకోండి. పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే సన్న గొట్టం) కొసన మిగిలిన చుక్కను ఊదకండి, ఆ చుక్కను మినహాయించే గీత పెట్టారు. ముదురు రంగుండే పర్మాంగనేట్ ద్రావణానికి ఉపరితలం కింది వంపు కనపడదు కాబట్టి పై అంచు చదవండి, మొదటి రీడింగూ చివరి రీడింగూ రెండూ అలాగే.

ఇక "ఫలానా కాలేజీలో ఈ సాల్టే ఇచ్చారట" అనే వాట్సాప్ కబుర్లు నాకు పంపకండి.

భయపడే పిల్లలకు ఒక్క మాట. ఇచ్చిన సాల్ట్‌లో సగం కాగితంలోనే ఉంచుకోండి. చేయి వణికి ట్యూబ్ ఒలికినా మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.