ఒక్కడివే కొట్టుకి వెళ్లాలంటే

చిరంజీవి బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

"ఈసారి సెలవులకి వచ్చినప్పుడు కిరాణా కొట్టుకి నేనొక్కణ్ణే వెళ్లనా?" అని మొన్న ఫోన్లో అడిగావు. వెళ్దువుగాని. కాకపోతే నాలుగు రోజులు పడుతుంది.

మన దొడ్లో దూడ ఉంది కదా. మొదట్లో దాని పలుపు బారెడే. తర్వాత రెండు బారలు, ఆ తర్వాత మూడు. మరీ పొట్టిగా కడితే గుంజ చుట్టూ తిరిగి తిరిగి మెడకి బిగించుకుంటుంది. ఒకేసారి పొడుగ్గా వదిలేస్తే పక్కవాళ్ల చేలో పడుతుంది. అందుకే వయసు చూసి కాదు, సాయంత్రం అది గుంజ దగ్గరికి వచ్చే తీరు చూసి తాడు వదులుతాం. నిన్ను దూడ అంటున్నానని అలగకు. నీ గుంజ మన అరుగు.

మొదటిరోజు నీ పక్కనే నడుస్తాను, దారి మాత్రం నువ్వే చెప్పాలి. రెండోరోజు ఇరవై అడుగులు వెనక వస్తాను, నోరు విప్పను. మూడోరోజు గుడి మలుపు దగ్గరే ఆగిపోతాను. నాలుగోరోజు అరుగు దిగను. మధ్యలో ఏదైనా మరిచిపోతే తిట్లు ఉండవు. ఒక బార వెనక్కి చుట్టి, మర్నాడు మళ్లీ వదులుతాను.

మన రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు కాబట్టి కుడివైపు అంచున నడువు. అప్పుడు దగ్గరగా వచ్చే బండి నీకు ఎదురుగానే వస్తుంది. దాటేముందు కుడికి, ఎడమకి, మళ్లీ కుడికి చూడు. ఆగి ఉన్న ఆటో వెనక నుంచి మాత్రం దాటకు, అవతలి బండికి నువ్వు కనపడవు. మా చిన్నతనంలో ఎడ్లబళ్ల మువ్వలు ఫర్లాంగు దూరం నుంచే వినపడేవి. ఇప్పటి బ్యాటరీ ఆటోలు చప్పుడు లేకుండా పక్కకి వచ్చేస్తాయి, చెవుల్ని నమ్ముకోవద్దు. ట్రాక్టరు వెళ్లిపోయింది కదా అని అడుగు వెయ్యకు, దాని వెనక తగిలించిన ట్రక్కు ఉంటుంది.

యాభై రూపాయల నోటు, రెండు సరుకుల చీటీ ఇస్తాను. చిల్లర కొట్టు మెట్టు దిగకముందే లెక్కపెట్టుకో, దిగాక అడిగితే తగువు. పొద్దున పదిలోపు, లేదంటే సాయంత్రం నాలుగున్నర దాటాకే వెళ్లాలి. మధ్యలో ఎవరైనా ఆడుకుందాం రమ్మంటే ముందు ఇంటికొచ్చి చెప్పి వెళ్లు. నువ్వు వస్తానన్న దారిలోనే ఉంటే, ఆలస్యమైనా నిన్ను వెతకడం అయిదు నిమిషాల పని.

కుక్క మొరిగితే పరిగెత్తకు, పరిగెత్తేదాన్నే అది తరుముతుంది. చేతులు ఒంటికి ఆనించి, దాని కళ్లలోకి చూడకుండా కదలక నిలబడు. పన్ను గీరుకున్నా దాచకుండా చెప్పు. సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద పావుగంట కడిగి, వెంటనే సూదిమందుకి తీసుకెళ్లాలి.

ఇక కాలువ. ఈ ఒక్కచోట పలుపు వదలను. వేసవిలో కాలువ కట్టేస్తారు, నీళ్లు లేవు కదా అనిపిస్తుంది. కానీ గుంటల్లో నీళ్లు నిలిచే ఉంటాయి, అడుగున బురద మోకాళ్ల దాకా దిగబడుతుంది. పైన గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని గడ్డిలా కనిపిస్తుంది, దానిమీద అడుగేస్తే నేరుగా నీళ్లలోకే. రేవు మెట్ల మీద పాచి ఉంటుంది. బంతి పడితే పోనీ, ఇంకోటి కొనుక్కుందాం. మనిషే పడితే నువ్వు దిగకు. గట్టిగా కేకలు వెయ్యి, పెద్దవాళ్లు వచ్చేలోగా గట్టు మీద బోర్లా పడుకుని కర్రో తువ్వాలో అందించు.

"మీ తాతయ్య రమ్మన్నారు" అంటూ ఎవరైనా వస్తే, తెలిసిన ముఖమైనా సరే, మన రహస్యమాట అడుగు. ఆ మాట ఏమిటో ఉత్తరంలో రాయను, వచ్చాక చెవిలో చెబుతాను. వచ్చినవాళ్లు ఆ మాట చెప్పలేకపోతే తిరిగి కొట్లోకి వెళ్లిపో. నా నంబరు చూడకుండా చెప్పడం వచ్చాకే మొదటిరోజు మొదలవుతుంది. 112, 1098 కూడా నేర్చుకో. మొదటిది ఏ ఆపదకైనా, రెండోది పిల్లల కోసం.

కొట్టు పక్కన తాడిచెట్టు ఆకులకి గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. కొన్నిటికి కిందికి గొట్టం ఉంటుంది, కొన్ని టోపీలా సగంలోనే ఆగిపోయి ఉంటాయి. నాలుగోరోజు వచ్చేటప్పుడు సగంవి ఎన్నో లెక్కపెట్టి రా. మగపిట్ట వాటిని ఎందుకు వదిలేసిందో నువ్వే ఆలోచించి చెప్పు.

మీ తాతయ్య