జబ్బు తక్కువ, చావులు ఎక్కువ

టెక్సస్ రాష్ట్రానికి పడమటి కొసన లవింగ్ అనే కౌంటీ (మన జిల్లా లాంటిది) ఒకటి ఉంది. 2020 జనగణనలో అక్కడ తేలిన జనాభా 64. మన ఊళ్లలో పెళ్లి భోజనాలకు ఒక్క బంతిలో కూర్చునేవాళ్లు అంతకంటే ఎక్కువే ఉంటారు. కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలెస్ కూడా కౌంటీయే. అక్కడ కోటి మంది. అమెరికా క్యాన్సర్ పట్టికల్లో ఈ రెండింటికీ చెరొక వరుస. లవింగ్‌లో ఒక ఏడాది ఒక్కరికి క్యాన్సర్ బయటపడితే లక్షకు 1,560 పైచిలుకు రేటు పడుతుంది. మరుసటి ఏడు ఎవరికీ రాకపోతే సున్నా. ఇలాంటి అంకెలు జనాన్ని తప్పుదారి పట్టిస్తాయని, పైగా ఆ ఒక్క రోగి ఎవరో ఊరందరికీ తెలిసిపోతుందని, కేసులు 16కు తగ్గిన గడిలో ప్రభుత్వం అంకెను చూపించదు. అమెరికా పల్లెల క్యాన్సర్ చరిత్రలో ఇలాంటి ఖాళీ గడులు చాలానే ఉన్నాయి.

అంకెలు నిండిన గడులన్నీ కలిపినా వచ్చే బొమ్మ వింతగానే ఉంటుంది. 2017 జులైలో అమెరికా వ్యాధుల నియంత్రణ కేంద్రం (సీడీసీ) నగర కౌంటీలనూ పల్లె కౌంటీలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఏటా కొత్తగా బయటపడే క్యాన్సర్ల రేటు పల్లెల్లోనే కాస్త తక్కువ. క్యాన్సర్ మరణాలు మాత్రం నగరాల్లో లక్షకు 158 ఉంటే పల్లెల్లో 180. 2006 నుంచి 2015 వరకు మరణాల రేటు నగరాల్లో ఏడాదికి 1.6 శాతం చొప్పున తగ్గింది, పల్లెల్లో 1 శాతమే. పల్లెల్లో ముసలివాళ్లు ఎక్కువ కదా, అందుకే ఇలా వచ్చిందేమో అనిపించవచ్చు. ఆ వయసు తేడాను సర్దిన తరువాత తేలిన లెక్కే ఇది.

ఈ ముడి విప్పాలంటే లెక్క ఎప్పుడు, ఎక్కడ మొదలైందో చూడాలి. కనెటికట్ రాష్ట్రపు క్యాన్సర్ రిజిస్ట్రీలో (కేసుల నమోదు పుస్తకంలో) 1935 నుంచి కేసుల వివరాలున్నాయి. అమెరికాలో ఒక రాష్ట్ర జనాభా అంతటికీ ఇంత పాత క్యాన్సర్ రికార్డు మరొకటి లేదు. దేశం మొత్తానికి అలాంటిదేదీ లేదు. 1971 డిసెంబరు 23న అధ్యక్షుడు నిక్సన్ జాతీయ క్యాన్సర్ చట్టం మీద సంతకం చేశాక, 1973లో జాతీయ క్యాన్సర్ సంస్థ ‘సీర్’ పేరుతో రిజిస్ట్రీల జట్టును కట్టింది. కనెటికట్, అయోవా, యూటా, న్యూ మెక్సికో, హవాయి, డెట్రాయిట్, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాలతో మొదలై, తరువాత అట్లాంటా, సియాటిల్ చేరాయి. అయోవా, న్యూ మెక్సికోల్లో పల్లెలు ఉన్నాయి, నిజమే. అయినా మొత్తం మీద జట్టు మొగ్గు నగరాల వైపే. దక్షిణాది పల్లెల నల్లజాతీయులు ఇందులో లేరని గుర్తించి, 1978లో జార్జియాలోని పది గ్రామీణ కౌంటీలను ప్రత్యేకంగా కలిపారు. మిగిలిన రాష్ట్రాలన్నిటిలో రిజిస్ట్రీలు పెట్టించేందుకు చట్టం రావడానికి 1992 దాకా ఆగాల్సి వచ్చింది. కెంటకీ సీర్ జట్టులో చేరింది ఈ శతాబ్దపు మొదట్లోనే. క్యాన్సర్ అత్యంత తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి చాలా ఆలస్యంగా ఈ జట్టు లెక్కలోకి వచ్చిందన్నమాట.

కొత్త కేసుల లెక్క లేని చోట మిగిలింది చావుల లెక్కే. 1975లో జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు మరణ ధ్రువపత్రాలను పోగుచేసి, 1950 నుంచి 1969 దాకా మూడు వేలకు పైగా కౌంటీల్లో ఏ క్యాన్సర్‌తో ఎంతమంది పోయారో పటాలుగా అచ్చువేశారు. రాష్ట్రాల సగటుల కింద దాగి ఉన్న సంగతులు కౌంటీల గీతల మధ్య బయటపడ్డాయి. ఈ కథ మొత్తంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునే ఘట్టం ఇదే.

నోటి క్యాన్సర్ పటాలను చూడండి. మగవాళ్లలో ముదురు రంగు ఈశాన్య నగరాల మీద పడింది. సిగరెట్టు, మద్యం అంటే ఆశ్చర్యం లేదు. ఆడవాళ్ల పటంలో మాత్రం నగరాలు కాకుండా ఆగ్నేయ రాష్ట్రాల పల్లెలు నల్లబడ్డాయి. కారణం వెతకడానికి నార్త్ కరోలినాలో రోగులను, ఆరోగ్యవంతులను పోల్చి అధ్యయనం చేశారు. 1981లో ఫలితం వచ్చింది. అక్కడి స్త్రీలకు ముక్కుపొడిలాంటి మెత్తని పొగాకు పొడిని బుగ్గకూ చిగురుకూ మధ్య దట్టించుకునే అలవాటు ఉంది. సిగరెట్టు ముట్టని తెల్లజాతి స్త్రీలలో ఈ పొడి వాడేవాళ్లకు నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు నాలుగు రెట్లు. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో బుగ్గ, చిగుళ్ల క్యాన్సర్ ముప్పు దాదాపు యాభై రెట్లు.

శ్రీకాకుళం, విశాఖ తీరం తెలిసినవాళ్లకు ఇది చదివితే అడ్డపొగ గుర్తుకు రావాలి. చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, పనులు చేసుకుంటూనే పొగ పీల్చే అవ్వలు అక్కడి పల్లెల్లో ఉండేవారు. 1971లో డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, అంగిలి మీద ఈ అలవాటు చేసే గాయాలను వివరంగా నమోదు చేసింది. అంగిలి క్యాన్సర్ మిగతా చోట్ల అరుదు, ఇక్కడ కాదు. మహాసముద్రాలకు చెరో పక్కనున్న ఇద్దరు ముసలమ్మల్లో ఎవరి జబ్బయినా రాష్ట్ర సగటులో కలిస్తే కనిపించదు. ఊరి దాకా వెళ్లి నోరు తెరిపించి చూసినప్పుడే తెలుస్తుంది.

అదే పటాల్లో జార్జియా తీరం వెంబడి మగవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఎక్కువగా కనిపించాయి. పెద్ద నగరాలేవీ లేని చోట ఎందుకు? రెండో ప్రపంచ యుద్ధంలో సవానా, బ్రన్స్‌విక్ రేవుల్లో హడావిడిగా సరుకు ఓడలు కట్టారు. పైపులకు, బాయిలర్లకు ఆస్‌బెస్టాస్ చుట్టారు. యుద్ధం అయిపోయాక పనివాళ్లు ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. పీల్చిన దుమ్ము మాత్రం ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. ఆ ఓడల కార్ఖానాల్లో పనిచేసినవారికి ముప్పు 1.6 రెట్లని 1978లో తేలింది. ముప్ఫై ఏళ్ల కిందటి కొలువు, ముప్ఫై ఏళ్ల తరువాతి జబ్బు. ఏ కౌంటీ అంకెనైనా ఇలా వెనక్కి నడిచి చదవాలి.

సిగరెట్టు కథ కూడా అంతే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అది పట్నపు సరుకు. పల్లె మగవాళ్లు పొగాకు నమిలేవారు, పైపు కాల్చేవారు. రెండు యుద్ధాల్లో సైనికులకు సిగరెట్లు అలవాటు చేశాక అది ఊరూరికీ చేరింది. 1950లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ నగరాల జబ్బు. కార్ఖానా పొగ వల్లా, సిగరెట్టు వల్లా అని పండితులు వాదించుకునేవారు. 1964 జనవరి 11న, సిగరెట్టే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని తేల్చిన ప్రభుత్వ వైద్యాధిపతి నివేదిక వెలువడ్డాక చదువుకున్న నగరవాసులు ముందుగా మానడం మొదలుపెట్టారు. పల్లెల్లో ఆ మార్పు మెల్లగా సాగింది. నగరాల గీత ముందే దిగసాగింది, పల్లెల గీత ఇంకా పైకి పోతూ దాన్ని దాటేసింది. ఒకప్పుడు క్యాన్సర్ చావులు ఎక్కువ నగరాల్లో, ఇప్పుడు పల్లెల్లో. ఈ తలకిందులు కావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. కెంటకీలో అయితే పొగాకు అలవాటే కాదు, బతుకుతెరువు కూడా. ఎంత పండించాలో, ఏ ధరకో నిర్ణయించే ప్రభుత్వ కోటా పద్ధతి 1930ల నుంచి చిన్న రైతులను నిలబెట్టింది. 2004 చట్టంతోనే అది ముగిసింది. పిల్లల కాలేజీ ఫీజు కట్టిన పంటను విషమని తండ్రికి చెప్పడం ఏ వైద్యుడికైనా కష్టమే. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పొగాకు బ్యారన్లు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పాల్సిన పని లేదు.

పొగాకుతో, పేదరికంతో వచ్చే క్యాన్సర్లు (ఊపిరితిత్తులు, పెద్దపేగు, గర్భాశయ ముఖద్వారం) నేడు పల్లె కౌంటీల్లోనే ఎక్కువ. మరి మొత్తం రేటు నగరాల్లో ఎందుకు ఎక్కువ? రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్ల వల్ల. ఇక్కడ నిజమైన తేడా కొంత ఉంది. నగర స్త్రీలు ఆలస్యంగా, తక్కువ మంది పిల్లలను కంటారు, అది రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. కానీ మరికొంత తేడా వెతకడంలోనే ఉంది. ప్రోస్టేట్ రక్తపరీక్ష పీఎస్ఏ 1986లో అనుమతి పొందింది. పరీక్ష విస్తరించిన కొద్దీ కేసులు ఎగిసి 1992లో శిఖరానికి చేరాయి. ఆ కొద్ది ఏళ్లలో అమెరికా మగవాళ్ల ప్రోస్టేట్ గ్రంథులకు హఠాత్తుగా ఏదో అయిపోలేదు. పరీక్ష చేశారు, దొరికింది. దొరికిన వాటిలో ఎప్పటికీ ప్రాణం మీదికి రానివీ ఉన్నాయని గ్రహించి, 2012లో నిపుణుల సంఘం ఆ పరీక్షను అందరికీ చేయవద్దంది. కేసులు మళ్లీ దిగాయి.

అన్నిటికంటే గట్టి రుజువు 2020. ఆ ఏడాది అమెరికాలో కొత్త క్యాన్సర్ కేసులు ఒక్కసారిగా పడిపోయాయి. జబ్బు సెలవు తీసుకోలేదు. కోవిడ్ భయంతో రొమ్మును పరీక్షించే మామోగ్రామ్‌లు, పెద్దపేగును చూసే కొలనోస్కోపీలు ఆగిపోయాయి, అంతే. దీర్ఘకాలపు ధోరణి లెక్కించేటప్పుడు గణకులు ఆ ఏడాదిని పక్కన పెడుతున్నారు. నా మటుకు నాకు అనిపించేది ఇది: అమెరికా మారుమూల కౌంటీల్లో కొంత మేరకు ప్రతి ఏడూ 2020యే. ఆ ఏడాదులను పక్కన పెట్టాలని ఎవరికీ తోచదు, ఎందుకంటే అక్కడ పడిపోయిన గీత కనిపించదు. అది ఎప్పుడూ కిందే ఉంది.

అసలు పల్లె అంటే ఏమిటన్నది ఇంకో చిక్కు. అమెరికా వ్యవసాయ శాఖ 1970ల నుంచి ప్రతి కౌంటీకీ ఒక కోడ్ ఇస్తోంది. ఒకటి నుంచి మూడు వరకు నగర కౌంటీలు, నాలుగు నుంచి తొమ్మిది వరకు పల్లెవి. జనాభా లెక్కలు వచ్చినప్పుడల్లా కోడ్‌లు మారుతాయి. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీ వైశాల్యం సుమారు 52 వేల చదరపు కిలోమీటర్లు, అందులో అధిక భాగం ఎడారి. అయినా ఒక మూలనున్న జనం వల్ల మొత్తం నగరమే. ఇంకో సంగతి తరచూ మరుస్తారు. పక్క నగరానికి రోజూ పనికి వెళ్లేవాళ్లు పెరిగితే పల్లె కౌంటీ నగర కౌంటీ అయిపోతుంది. అంటే బాగుపడ్డ పల్లెలు ఒక్కొక్కటే అవతలి ఖాతాలోకి పోతాయి, ఇవతల మిగిలేవి బాగుపడనివి. ‘పల్లెలు వెనకబడుతున్నాయి’ అన్న మాటలో నిజం ఎంత, ఖాతా మార్పిడి ఎంత అన్నది ప్రతి దశాబ్దంలోనూ అడగాల్సిన ప్రశ్నే.

దూరం సంగతి వివరంగా చెప్పనక్కరలేదు. 2010 నుంచి వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడ్డాయి లేదా పడకలు ఎత్తేశాయి. వారానికి ఐదు రోజుల చొప్పున రేడియేషన్‌కు కొండదారిలో రెండు గంటలు కారు నడపాల్సిన మనిషి, ఒక్కోసారి చికిత్సే వద్దనుకుంటాడు. వైద్యులు రాని ఊళ్లకు విదేశీ వైద్యులను పంపేందుకు 1994లో వీసా మినహాయింపు పథకం పెట్టారు. అలా అపలాచియా కొండల్లో, మిసిసిపీ పొలాల్లో పనిచేసినవారిలో మన గుంటూరు, కర్నూలు, వరంగల్ కాలేజీల్లో చదివినవాళ్లూ ఉన్నారు. అమెరికా తెలుగువాళ్లంటే డాలస్, న్యూజెర్సీ శివార్లే అనుకునేవాళ్లకు ఇది కొత్తగా ఉండవచ్చు.

మన దేశంలోనూ రిజిస్ట్రీలు నగరాల నుంచే మొదలయ్యాయి. 1963లో బొంబాయి, 1982లో మద్రాసు, బెంగళూరు. తొలి గ్రామీణ రిజిస్ట్రీ 1987లో మహారాష్ట్రలోని బార్షీలో వచ్చింది. ఆసుపత్రి రికార్డుల మీదే ఆధారపడితే పల్లె రోగులు దొరకరని సిబ్బంది ఊళ్లకు వెళ్లి, జనంతో మాట్లాడి, లక్షణాలు వివరించారు. కొన్నేళ్లకు ముఖద్వార క్యాన్సర్‌తో వచ్చే స్త్రీలలో తొలిదశలో వచ్చేవాళ్ల వాటా పెరిగింది. లెక్కించడానికి వెళ్లినవాళ్లు లెక్కనే మార్చేశారు. 2020లో వచ్చిన జాతీయ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అత్యధికం హైదరాబాద్ జిల్లాలో, లక్ష మంది స్త్రీలకు 48. పురుషుల్లో అన్ని క్యాన్సర్లూ కలిపి అత్యల్పం ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల్లో, 39.5. ఈ రెండో అంకెను చూసి ఆ కరువు జిల్లాల గాలి గొప్పదని ఎవరైనా రాస్తే, పీఎస్ఏ కథ ఒకసారి చదవమనండి.

తిరిగి కెంటకీకి. ఆ రాష్ట్రంలో 120 కౌంటీలు, వాటిలో 54 అపలాచియా కొండల్లోవి. 1999లో పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష చేయించుకునేవాళ్లు అర్హుల్లో మూడో వంతే. రిజిస్ట్రీ అంకెలు చూసి కంగారుపడిన వైద్యులు, ఆరోగ్య కార్యకర్తలు కౌంటీ కౌంటీకీ తిరిగి ఒప్పించగా, పదేళ్లలోపే అది మూడింట రెండు వంతులకు చేరువైంది. తరువాత కొత్త కేసులూ మరణాలూ తగ్గాయి. పేగులోని కండపిలకను క్యాన్సర్ కాకముందే తీసేయవచ్చు కాబట్టి అక్కడ వెతికితే కేసులు తగ్గుతాయి.

ఊపిరితిత్తులకు ఆ వెసులుబాటు లేదు. ఏళ్ల తరబడి పొగ తాగినవాళ్లకు తక్కువ మోతాదు సీటీ స్కాన్ చేయాలని 2013లో సిఫారసు వచ్చింది, 2021లో దాన్ని యాభై ఏళ్లు దాటినవారికి విస్తరించారు. ఈ స్కాన్లు చేయించడంలో కెంటకీ దేశ సగటు కంటే చాలా ముందుంది. స్కాన్‌లో దొరికేది క్యాన్సరే, కాకపోతే చిన్నది, కోసి తీసేయగలిగింది. తొలిదశలో దొరికే కేసుల వాటా అక్కడ పెరుగుతోంది. అలా దొరికిన ప్రతిదీ కౌంటీ ఖాతాలో కొత్త కేసుగానే పడుతుంది. కొత్త కేసుల పటంలో ఆ కొండ కౌంటీలు ఇంకా ముదురు రంగులోనే ఉన్నాయి.